ఆషాఢంలో వేసిన సాఫ్ట్‌వేర్

2005 జూలై 25, సోమవారం నాడు నా డైరీలో నాలుగు వాక్యాలున్నాయి. "తెల్లవారుజామున చినుకులు. 11.10 నుంచి 12.05 వరకూ కరెంటు లేదు. ముందుగదిలో కంప్యూటర్‌కి తెలుగు సాఫ్ట్‌వేర్ వేశారు. పనిచేస్తోంది." నాలుగో వాక్యం మర్నాటికే తప్పయింది. ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడానికి మాకు మూడు రోజులు పట్టింది.

మాకు అంటే నాకూ, అనకాపల్లిలో నా ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని డీటీపీ షాపు పెట్టుకున్న అమ్మాయికీ. ఆమెను అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికి ముప్పై ఒకటో ఏడు. తొమ్మిది, పది తరగతుల్లో నా దగ్గరే లెక్కలు నేర్చుకుంది. అత్తవారిది బుచ్చయ్యపేట వైపు పల్లె. భర్త చెరుకూ వరీ పండించే మనిషి. ఆమె ఎనిమిదేళ్లు వైజాగ్‌లో ఒక ప్రెస్సులో తెలుగు టైపు చేసింది. ఊరి నుంచి అనకాపల్లికి బస్సు, అక్కణ్ణించి రైలు, స్టేషన్ నుంచి మళ్ళీ సిటీ బస్సు. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. కూతురు రెండో తరగతికొచ్చింది. పిల్ల మేలుకుని ఉండగా తను ఇంట్లో ఉండే రోజు వారంలో ఆదివారం ఒక్కటే అని ఒకసారి నాతో అంది. ఏప్రిల్లో ఆ ఉద్యోగం మానేసి, మే నెలలో నా ముందుగదిలో ఒక పాత కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్ పెట్టుకుంది. పాత ప్రెస్సు యజమాని మంచివాడు. "ఆగస్టు ఒకటో తారీకు దాకా నీ కుర్చీ ఎవరికీ ఇవ్వనమ్మా, కుదరకపోతే వచ్చేయ్" అన్నాడట.

మే, జూన్ నెలల్లో ఆమెకొచ్చినవన్నీ ఇంగ్లీషు కాగితాలే. ఉద్యోగాల దరఖాస్తులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు పుస్తకాలు. తెలుగు సాఫ్ట్‌వేర్ శ్రావణంలో వేయిద్దామని అనుకుంటోంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ లెక్కచేయలేదు. జూలై 18న నేను రిటైరైన హైస్కూలుకి వెళ్ళాను. యూనిట్ టెస్టు ప్రశ్నపత్రాల్లో ప్రతిసారీ అచ్చుతప్పులు వస్తున్నాయని హెడ్మాస్టరుగారు విసుక్కుంటున్నారు. నా దగ్గర చదివిన అమ్మాయి ఉంది, తప్పుల్లేకుండా చేస్తుంది, నేను స్వయంగా దిద్దుతాను అని అక్కడికక్కడే మాటిచ్చాను. ఆరు నుంచి పది దాకా అయిదు తరగతులు. తెలుగు, లెక్కలు, సైన్సు, సోషలు. మొత్తం ఇరవై పత్రాలు. జూలై 30 శనివారం ఉదయం పది గంటలకి ఒక్కొక్కటీ శుభ్రమైన ప్రతి ఇస్తే, మిగతా కాపీలు స్కూల్లోనే తీసుకుంటారు. సోమవారం నుంచి పరీక్షలు.

"ఈసారి సరిగ్గా వస్తే సంవత్సరమంతా మీ అమ్మాయికే టీచరుగారూ. రాకపోతే పాతవాళ్ళ దగ్గరికే పోతాం, ఏమీ అనుకోవద్దు" అన్నారు హెడ్మాస్టరుగారు.

ఇంటికొచ్చి ఆ సంగతి ఆమెకు చెప్పినప్పుడు ముఖంలో సంతోషం కనబడింది. ఆ వెనకాలే ఇంకేదో కూడా కనబడింది. క్యాలెండరు వైపు చూసింది. "పనుంటే మంచిదే కదండి" అంది. నేను లోపలికి వెళ్ళిపోయాను.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ మనిషి వైజాగ్ నుంచి వచ్చాడు. ఆ వేళకి నేను మా చర్చిలో స్త్రీల సమాజం మీటింగులో ఉన్నాను. నేనొచ్చేసరికి అయిదున్నర. అతను వెళ్ళిపోయాడు. ఆమె కంప్యూటర్ మూసి, ఇంటికెళ్ళే బస్సు కోసం సంచీ సర్దుకుంటోంది. "వేసేడు టీచర్. బాగానే తెరుచుకుంది. నాలుగు ముక్కలు టైపు చేసి సూసేను కూడా" అంది. డైరీలో నేను రాసిన నాలుగో వాక్యం అదే.

మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకి ముందుగదిలోంచి మౌస్ నొక్కుతున్న చప్పుడు ఆగకుండా వినిపించింది. వెళ్ళి చూశాను.

"ఇది తెరుచుకోటం లేదు టీచర్" అంది.

స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కింది. ఇసుక గడియారం కనబడింది. కంపెనీ ముద్ర ఉన్న చిన్న పెట్టె ఒకటి మెరిసింది. మూడు సెకన్లకి రెండూ మాయమయ్యాయి. ఏ తప్పు జరిగిందో చెప్పే మాట ఒక్కటీ రాలేదు. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. తప్పు చేసి, ఏం చేశావురా అంటే నోరు విప్పని పిల్లవాడిలా ఉంది.

నాకు కంప్యూటర్ రాదు. లెక్క తప్పిన పిల్లవాడి పుస్తకంలో తప్పు ఏ మెట్టు దగ్గర మొదలైందో వెతకడం వచ్చు. ముప్పై నాలుగేళ్లు చేసిన పని అది. ఒక నోటుపుస్తకం తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ఏం మార్చామో రాయాలి, ఏం జరిగిందో రాయాలి అన్నాను. ఆమె తలూపింది.

మొదట కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేశాం. మార్పు లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక తాళం ఉంటుంది. బొటనవేలంత ముక్క. దాన్ని కంప్యూటర్ వెనకాల ప్రింటర్ తీగ పెట్టే చోట బిగిస్తారు. అది లేకపోతే సాఫ్ట్‌వేర్ నడవదు. దాన్ని తీసి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించాం. మార్పు లేదు. ఈసారి తాళం పూర్తిగా తీసేసి నొక్కమన్నాను.

"తీసేస్తే ఎలాగా తెరుచుకోదు కదండి."

"తెరుచుకోదు. తెరుచుకోనప్పుడు ఏమంటుందో చూద్దాం."

తాళం లేదు అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. తాళం పెడితే ఆ మాట రావడం లేదు. కాబట్టి తాళాన్ని అది గుర్తుపడుతోంది. తప్పు అక్కడ లేదు. నోటుపుస్తకంలో ఆ వరస కొట్టేశాను. నాకు కొంత సంతోషమైంది కూడా. ఆమె ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. అప్పుడు దాన్ని నేను కంగారు అనుకున్నాను.

కంపెనీ మనిషికి నా ఫోన్ నుంచి చేశాం. అతను విజయనగరంలో ఉన్నాడు. "తీసేసి మళ్ళీ వెయ్యండి మేడం. సీడీ మీ దగ్గరే ఉంది కదా" అన్నాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయింది. ఆ పని బుధవారం ఉదయానికి పడింది. సాఫ్ట్‌వేర్ తీసేసి, కంప్యూటర్ ఆపి వేసి, సీడీ పెట్టి, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు నొక్కుతూ మళ్ళీ వేశాం. ఇరవై ఆరు నిమిషాలు పట్టింది. విజయవంతంగా పూర్తయింది అని చెప్పింది. బొమ్మ మీద నొక్కాం. మూడు సెకన్లు. మాయం.

పన్నెండింటికి ఆమె భర్త ఎరువుల కోసం టౌనుకి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి తొంగిచూశాడు.

"ఏటే, నీ పెట్టి ఇంకా అలకపాన్పు దిగనేదా?"

"ఊరుకో బావా, నువ్వొకడివి."

"ఊరుకుంతాను. కట్నం సాల్నేదేమో అడగకపోయారా?" అని నావైపు చూసి నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "సోమారం ఒకటో తారీకు. రైలు పాసు తీయించీమంతావా మరి?"

వేళాకోళంగా అన్నాడో, నిజంగా అడిగాడో అతనికే తెలియాలి. ఆమె కీబోర్డు మీద లేని దుమ్ము తుడుస్తూ కూర్చుంది. అతను తెచ్చిన అన్నం క్యారేజి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఎదురుగా కంప్యూటర్ నేర్పే సెంటరాయన వచ్చి చూశాడు. మొత్తం తుడిచేసి అన్నీ కొత్తగా వేయాలి, అప్పటికీ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను అన్నాడు. కంపెనీ మనిషి సోమవారం గానీ రాలేనన్నాడు. మా దగ్గర మిగిలినవి గురువారం, శుక్రవారం. చేతిరాతలో ఇరవై ప్రశ్నపత్రాలు అట్టపెట్టెలో అలాగే ఉన్నాయి.

గురువారం, జూలై 28. పది గంటలకి నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చాను. మంగళవారం నుంచి జరిగిందంతా నిమిషాలతో సహా ఉంది. సోమవారానిది మాత్రం ఒక్క ముక్కా లేదు. అది పనిచేసిన రోజు అదొక్కటే. పనిచేసినప్పటికీ పనిచేయనప్పటికీ మధ్య ఏదో మారి ఉండాలి. మనం చూడాల్సింది ఆ మధ్య కాలాన్ని.

"సోమవారం చివరిసారి అది ఎన్ని గంటలకి పనిచేసింది?" అన్నాను.

"సాయంత్రం టీచర్. నాలుగో, నాలుగున్నరో."

"నాలుగా, నాలుగున్నరా?"

"గుర్తులేదండి."

"నాలుగు ముక్కలు టైపు చేశానన్నావు కదా. దాచావా?"

"దాచేను."

"అయితే దాచిన టైము ఆ కాగితం మీదే ఉంటుంది. చూపించు."

ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్ళి ఆగింది. "అదెందుకు టీచర్, నాలుగనే రాసేసుకోండి" అంది. రాసేసుకోండి అనే మాట నాతో అనకూడదని నా శిష్యులందరికీ తెలుసు. నేను కలం మూసి పక్కన పెట్టాను. ఆమె తెలుగు కాగితాలు దాచే అర తెరిచింది.

అందులో ఒక్కటే కాగితం ఉంది. దాని పేరు శ్రీ. దాని పక్కన దాచిన తేదీ, సమయం. 2005 ఆగస్టు 12, ఉదయం 10.14.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. గోడమీద క్యాలెండరు చూశాను. ఆ రోజు జూలై 28. ఆగస్టు 12 రావడానికి ఇంకా పదిహేను రోజులుంది. సోమవారం ఉదయం 10.14కి కంపెనీ మనిషి అనకాపల్లికే రాలేదు. ఇంకా రాని రోజున, మనిషే లేని వేళకి దాచిన కాగితం.

"ఈ కంప్యూటర్ గడియారం చెడిపోయింది" అన్నాను.

"చెడిపోలేదండి" అంది ఆమె, చాలా చిన్న గొంతుతో.

తరవాత మొత్తం చెప్పింది. ఆషాఢంలో షాపుకి ముఖ్యమైన పనిముట్టు మొదలుపెట్టడం ఆమెకిష్టం లేదు. వాళ్ళ ఊరి పంతులుగారిని అడిగితే శ్రావణంలో మొదటి శుక్రవారం, ఆగస్టు 12, ఉదయం తొమ్మిది నలభై రెండుకి ముహూర్తం పెట్టారు. ఈలోగా నేను స్కూలు పని తెచ్చిపెట్టాను. కంపెనీ మనిషి వచ్చి సీడీ పెట్టబోతుంటే ఆమెకొక ఆలోచన వచ్చింది. కంప్యూటర్ తేదీ ఆగస్టు 12కీ, గడియారం తొమ్మిది నలభై రెండుకీ జరిపి, అప్పుడు వేయమని అతన్ని బతిమాలింది. అతను నవ్వి జరిపాడు. వేశాడు. తెరిచాడు. ఆమె పసుపూ కుంకుమా పెట్టి, శ్రీ అని టైపు చేసి దాచింది. అతను వెళ్ళాక, నేను ఇంటికొచ్చే వేళయిందని, తేదీని మళ్ళీ జూలై 25కి తనే జరిపేసింది.

"నేనొచ్చే వేళయిందని ఎందుకు?"

"మీ కన్ను ముందు తేదీ మీదికే పోతాది కదండి."

"మంగళవారమే నాకెందుకు చెప్పలేదు?"

 ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "మంగళారం తెరుచుకోనప్పుడే అనుకున్నాను టీచర్. మూర్తాన్ని మోసం సేసేను, అందుకే ఇలాగయిందని. నూకాలమ్మకి మొక్కుకున్నాను. మీకు సెప్తే నవ్వుతారు. జూన్‌లో నిమ్మకాయ కట్టినప్పుడు ఏటన్నారు? దిష్టి తగిల్తే కంప్యూటర్‌కి వైరస్ వత్తాదా అన్నారు. సెంటరాయన ముందు అన్నారు. ఆయన రోడ్డు దాటేదాకా నవ్వుతూనే పోయేడు."

నేనన్నాను. నాకు బాగా గుర్తుంది. అన్నప్పుడు అది మంచి మాటలాగే అనిపించింది.

"అయినా ఆషాఢమేమిటమ్మా, అదీ ఒక నెలే కదా" అన్నాను. ఏదో ఒకటి అనాలని.

"మీ సర్చిలో శ్రమదినాల్లో పెళ్ళిళ్ళు సేస్తారా టీచర్?"

నా దగ్గర చదువుకున్న పదిహేనేళ్ల పిల్ల ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేయలేదు. ముప్పై ఒకటో ఏట వేసింది. 1994లో మా అమ్మాయికి సంబంధం ఫిబ్రవరి 20న కుదిరింది. అప్పటికి శ్రమదినాలు, అంటే ఈస్టరుకి ముందు మేం శుభకార్యాలు పెట్టుకోని ఉపవాసకాలం, మొదలై నాలుగు రోజులు. ఈస్టర్ దాటి ఏప్రిల్ 7 దాకా, నలభై ఆరు రోజులు ఆగాం. పెళ్ళికొడుకు సెలవు తక్కువైంది. అయినా ఆగాం. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. అడిగి నవ్వినవాళ్ళుంటే నాకెలా ఉండేదో ఆ గురువారం పదకొండు గంటలప్పుడు మొదటిసారి ఆలోచించాను.

"చెయ్యరు" అన్నాను.

నేను నా పద్ధతిలో, తాళం వరస, సీడీ వరస ఒక్కొక్కటే కొట్టేసి, మూడో రోజున తేదీ దగ్గరికి వచ్చాను. ఆమె తన పద్ధతిలో మంగళవారం ఉదయం తొమ్మిదింపావుకే అక్కడికి చేరింది. ఆమె దగ్గర ఉన్న ఆ ఒక్క ముక్క నా నోటుపుస్తకంలోకి రాకుండా ఆపింది నా నోరే. ప్రతి మెట్టూ రాయాలి అని నేను గట్టిగా చెప్పిన కొద్దీ, ఆ మెట్టు చెప్పడం ఆమెకు మరీ కష్టమై ఉంటుంది. క్లాసులో కూడా అంతేనేమో. తప్పు ఎక్కడ చేశావో చెప్పు అని నేను నిలబెట్టిన పిల్లల్లో ఎంతమందికి అది ముందే తెలుసో ఇప్పుడెవర్ని అడగను?

కంపెనీ మనిషికి మళ్ళీ ఫోన్ చేశాను. తేదీ సంగతి చెప్పగానే అవతల తల కొట్టుకున్న చప్పుడు నిజంగా వినిపించింది.

"తేదీ ఎనక్కి జరిపేరా మేడం? ఎనక్కి జరిపితే ఇది దొంగతనం అనుకుంటాది. గడువు అయిపోయినోళ్ళు అలాగే తేదీ ఎనక్కి పెట్టి వాడుకుంటారని కంపెనీవోళ్ళు ఇందులో కాపలా పెట్టేరు. తీసేసి మళ్ళీ వేసినా ఆ గుర్తు లోపలే ఉండిపోతాది."

"మరి ముందుకి జరిపింది మీరే కదా?"

"ముందుకి జరిపేను గానీ, ఎనక్కి జరపమన్లేదు కదండి" అన్నాడు. అతను చెప్పిందీ నిజమే.

మందు ఒక్కటే. మళ్ళీ ఆగస్టు 12కి జరపాలి. అది కూడా సోమవారం ఆపిన సమయం దాటించి పెట్టాలి. అసలు తేదీ దాన్ని దాటేదాకా వెనక్కి తేకూడదు.

ఆమె మౌస్ ముట్టుకోలేదు. "మీరు సరేనంటేనే టీచర్" అంది.

నేను వెంటనే సరే అనలేదు. తెలిసి తప్పు తేదీ వేసిన కాగితం నా చేతిమీదుగా ఎప్పుడూ పోలేదు. హాజరుపట్టీలో ఒక రోజు ముందు సంతకం పెట్టమన్న హెడ్మాస్టరుతో ఒకప్పుడు ఆర్నెల్లు మాటలు లేవు నాకు. ఇప్పుడు ఇరవై పత్రాలు ఇంకా రాని రోజుమీద తయారవ్వాలి. ప్రశ్నపత్రం మీద ఆ తేదీ కనబడదు, నిజమే. కానీ కంప్యూటర్ లోపల ప్రతి దానిమీదా ఉంటుంది. ఇటు చూస్తే గడియారంలో పదకొండున్నర. శనివారం పదింటికి ఇంకా నలభై ఆరున్నర గంటలు. ఆ అమ్మాయి ఇంటికెళ్తే పిల్ల మేలుకుని ఉండాలా, నిద్రపోయి ఉండాలా అన్నది ఈ తేదీ మీద ఉంది. ఆమె ఆ అబద్ధం ఆడింది నేను తనను అడగకుండా మాటిచ్చినందుకు.

"లే, నన్ను కూర్చోనీ" అన్నాను. ఎక్కడ నొక్కాలో ఆమె చూపిస్తుంటే, తేదీ నేనే మార్చాను. తప్పు చేస్తే అది నా చేత్తో జరగడం మేలనిపించింది. ఆగస్టు 12, మధ్యాహ్నం రెండు. బొమ్మ మీద ఆమె నొక్కింది. ఇసుక గడియారం. ముద్ర. మూడు సెకన్లు. తరవాత తెల్లటి పేజీ పరుచుకుంది.

"అమ్మయ్య" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఆ రెండు రోజులూ ఆమె వేళ్ళు చూడవలసినవి. ఎనిమిదేళ్ల రైలు ప్రయాణం ఎందుకు వృథా కాలేదో అప్పుడు తెలిసింది. ఆమె టైపు చేసి ప్రింటు తీస్తే, నేను దిద్దేదాన్ని. తొమ్మిదో తరగతి లెక్కల్లో నాలుగో ప్రశ్నలో ఇచ్చిన కొలతలతో త్రిభుజమే ఏర్పడదు. టీచరుకి కబురుపెట్టి మార్పించాను. శుక్రవారం మధ్యాహ్నం భర్త మళ్ళీ వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, తెరుచుకున్న పేజీ చూసి, "దిగినాదా అలక!" అన్నాడు. ఈసారి ఆమె నవ్వింది. "దించేరు టీచరుగారు" అంది. ఎలా దించానో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఒక సంగతి మాత్రం నేను ముందే లెక్క చూశాను. కంప్యూటర్ తేదీని అలా నడవనిస్తే అది ఎప్పటికీ పదిహేను రోజులు ముందే ఉంటుంది, అసలు తేదీ దాన్ని ఎన్నటికీ అందుకోదు. సాఫ్ట్‌వేర్‌లోని ఆ కాపలా చూసేది మాత్రం చివరిసారి మూసిన సమయం దాటిందా లేదా అన్నదే. అందుకని సాయంత్రం మూసేటప్పుడు కంప్యూటర్‌లో టైమెంతో నోటుపుస్తకంలో రాసి, మర్నాడు దాన్ని అంతకు ఒక్క నిమిషం దాటించి పెట్టి మొదలుపెట్టాలి. పని చేసిన గంటలే దానికి రోజులు. మనకు రోజంతా నడుస్తుంది, దానికి ఏడెనిమిది గంటలే నడుస్తుంది. అలా అయితే ఆగస్టు మూడో వారంలో మనం దాన్ని దాటేస్తాం. ఆ పట్టీ ఆమె ఒక్కరోజు కూడా తప్పకుండా రాసింది.

శనివారం తొమ్మిదీ నలభైకి ఇరవై పత్రాలూ హెడ్మాస్టరుగారి బల్లమీద పెట్టాం. ఆయన ఒక్కొక్కటీ కిటికీ వెలుగులో పట్టుకుని చదివారు. యాభై నిమిషాలు పట్టింది. ఆమె కుర్చీలో కూర్చోలేదు, నా వెనకాల నిలబడింది, తొమ్మిదో తరగతిలో నిలబడ్డట్టే. చివరికి ఆయన కాగితాలు సర్ది, "సెప్టెంబరులో క్వార్టర్లీకి ముప్పై పైనే ఉంటాయి. ఇంగ్లీషువి కూడా ఇస్తాం. చేయగలవా అమ్మా?" అన్నారు. నన్ను కాదు, ఆమెను అడిగారు. నేను నోరు మూసుకున్నాను.

"సేత్తానండి. పదిరోజులు ముందివ్వండి" అంది.

ఆగస్టు 1, సోమవారం ఉదయం నా ఫోన్ నుంచి వైజాగ్‌లో పాత ప్రెస్సుకి చేసింది. "ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చేయండి సార్. లేదండి, కోపం కాదు. పనుందండి ఇక్కడ" అంది. పెట్టేసి, ఫోన్ మీద చెయ్యి తియ్యకుండా కాసేపు నిలబడింది.

ఆగస్టు 12న ముందుగదిలో పూజ చేసుకుంది. ముందురోజు నన్ను పిలవడానికి వచ్చి, గుమ్మం దాటకుండా, "మీరు రారనుకోండి, అయినా సెప్తన్నాను" అంది. వెళ్ళాను. తొమ్మిది నలభై రెండుకి దీపం వెలిగించి, కంప్యూటర్ తెరిచింది. అందులో తేదీ అప్పటికి ఆగస్టు 16. ఆమె దాన్నీ నన్నూ చూసింది. "మూర్తం దాటిపోయి నాలుగు రోజులైందంటంది టీచర్ ఇది" అని పకపకా నవ్వింది. నేను కొబ్బరిముక్క తిన్నాను.

17వ తేదీ, బుధవారం ఉదయం అసలు తేదీ కంప్యూటర్ తేదీని దాటింది. సరైన తేదీ, సరైన సమయం పెట్టి నొక్కాం. తెరుచుకుంది. మూసే టైము పట్టీ కింద ఆమె గీత గీసింది.

సెప్టెంబరులో పని ఎక్కువై రెండో ప్రింటర్ కొనవలసి వచ్చింది. ఒక సోమవారం సాయంత్రం సంచీ సర్దుకుంటూ, "ప్రింటర్ దుకాణంలో రేపే పట్టుకుపొమ్మంటన్నారు టీచర్. మంగళారం నేను తేను. ముందే సెప్తన్నాను, నవ్వుకుంటే నవ్వుకోండి" అంది.

"బుధవారం ఎన్నింటికి?" అని అడిగాను.